బీఆర్‌సీఏ నెగటివ్, కానీ జీన్ పనిచేయట్లేదు: బీరువాలో దొరికిన బ్లాక్ కేసు

ఆవిడ మొదటిసారి మా ఓపీకి వచ్చినరోజు పొట్ట ఎంతుందంటే, పక్కన కూర్చున్న ముసలావిడకి చూపు సరిగా ఆనక "ఎన్నో నెలమ్మా" అని అడిగిందంట. 54 ఏళ్ల మనిషిని. లోపలికొచ్చి ముందు ఆ మాటే చెప్పి నవ్వింది, నవ్వుతూనే ఆయాసం వచ్చి ఆగిపోయింది.

నేను విజయవాడలో మెడికల్ ఆంకాలజీ చేస్తుంటాను. ఈ కేసు పూర్తిగా రాయమని మా దగ్గర పోస్టింగ్‌కి వచ్చే పీజీలు చాలాసార్లు అడిగారు, ఆ ఇంటివాళ్లు కూడా రాసుకోండి మేడం అన్నారు, అందుకే రాస్తున్నా. ఎవరో తెలిసిపోయే వివరాలు మార్చేశాను, మెడికల్ సంగతులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

వాళ్లది తెనాలి దగ్గర పల్లె. ఇంటాయనకి రెండెకరాల మాగాణి, ఇంకొంత కౌలు, వరి కోశాక మొక్కజొన్న వేస్తారు. ఒక్కతే కూతురు, 27 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం. అక్టోబర్ నుంచి కడుపు ఉబ్బరం, రెండు ముద్దలు తింటే నిండిపోవడం. ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ బిళ్లలు ఇచ్చాడు, అవే మూడు నెలలు వాడారు (ఓవరీ, అంటే అండాశయం, క్యాన్సర్ కేసుల్లో సగం కథలు ఇట్టాగే మొదలవుతాయి, ఆయన్ని తిట్టి లాభం లేదు, మా ఎంబీబీఎస్‌లు కూడా అదే చేస్తారు). సంక్రాంతి పండక్కి కూతురు వచ్చి అమ్మ చీర కుచ్చిళ్లు ఎందుకింత పైకి కట్టిందని చూసి, బలవంతంగా స్కానింగ్‌కి తీసుకెళ్తే నీరు బయటపడింది. గుంటూరులో ఒక ఆసుపత్రిలో అడ్మిట్ చేసి పొట్టలోని కొవ్వు పొర, అదే ఒమెంటమ్, దాన్నుంచి సూదితో ముక్క తీశారు. రిపోర్ట్ వచ్చాక చుట్టాలు విజయవాడలో ఉన్నారని మా దగ్గరికి వచ్చారు. ఈ గుంటూరు బయాప్సీ సంగతి గుర్తుపెట్టుకోండి, కథంతా దాని దగ్గరికే వస్తుంది.

ఓవరీ క్యాన్సర్‌లో పెరిగే రక్తపు గుర్తు సీఏ-125 2,140. ఆల్బుమిన్ 2.6. సీటీలో రెండు ఓవరీల్లోనూ గడ్డలు, ఒమెంటమ్ అంతా గట్టి అట్టలా అయిపోయి ఉంది, కుడివైపు డయాఫ్రమ్ కింద కూడా పొరలా పట్టేసింది. బయాప్సీ హై గ్రేడ్ సీరస్ కార్సినోమా, పాక్స్8 పాజిటివ్, డబ్ల్యూటీ1 పాజిటివ్, పీ53 మ్యూటెంట్ ప్యాటర్న్, అన్నీ ఓవరీ రకానికి సరిపోయేవే. స్టేజ్ 3సీ, అంటే పొట్టలో పాకింది. ఆ మనిషి అప్పుడున్న స్థితిలో ఆపరేషన్ టేబుల్ ఎక్కిస్తే దిగేలా లేదు, అందుకని నాలుగు లీటర్ల నీరు తీసి కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ కీమో మొదలుపెట్టాం, మూడు వారాలకొకసారి. మూడు సైకిల్స్‌కి సీఏ-125 38కి దిగింది, ఏప్రిల్‌లో సర్జరీ, మా సర్జన్ కంటికి కనపడే గడ్డ ఏదీ మిగల్చకుండా తీసేశాడు. పాథాలజీలో కీమో రెస్పాన్స్ స్కోర్ 3, అంటే ఒమెంటమ్‌లో దాదాపు ఏమీ మిగల్లేదు, అంతా మచ్చ కణజాలమే. ఇంత బాగా కరిగిందంటే నాకు వెంటనే తట్టేది ఒకటే, కార్బోప్లాటిన్ డీఎన్‌ఏని కొడుతుంది, ఈ ట్యూమర్‌కి ఆ దెబ్బ రిపేర్ చేసుకోవడం చేతకాదు, ఎక్కడో ఆ రిపేర్ చేసే బీఆర్‌సీఏ జీన్ పోయి ఉంటుంది అని.

దానికి తోడు కుటుంబ చరిత్ర. పేషెంట్ వాళ్ల అక్క 41 ఏళ్లకే రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. రక్తం పంపి జెర్మ్‌లైన్ ప్యానెల్ (పుట్టుకతో వచ్చిన జీన్స్ పరీక్ష) చేయిస్తే మార్చిలోనే రిపోర్ట్ వచ్చేసింది: బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 రెండిట్లోనూ ఏ మ్యుటేషనూ లేదు, మిగతా జీన్స్‌లో కూడా లేదు.

ఆ రిపోర్ట్ చదివి చెప్తే ఇంటాయన మొహం వెలిగిపోయింది. "ఏంది మేడం, అట్టా అంటే మా అమ్మాయికి రాదనేగా?" అన్నాడు. చాలావరకు మంచి మాటే అని చెప్పి పంపించేశా. కూతురు మాత్రం కదల్లేదు. "మేడం, జీన్ బాగానే ఉంటే మరి అమ్మకి మందు ఇంత బాగా ఎందుకు పనిచేసింది? మీరే కదా ఆ రోజు జీన్ పోతేనే ఇలా కరుగుతుందన్నారు" అంది. నేను రౌండ్స్‌లో పీజీలతో అన్న మాట, ఈ పిల్ల పక్కనుండి వినేసింది.

ఆ ప్రశ్నకి సమాధానమే ఈ కేసు.

జీన్ పోవడానికి అక్షరం తప్పు పడాల్సిన అవసరం లేదు. 17వ క్రోమోజోమ్ మీద బీఆర్‌సీఏ1 ఉందని మేరీ క్లెయిర్ కింగ్ వాళ్లు 1990లో చూపించారు, 1994లో జీన్ చేతికొచ్చింది. అప్పట్లో అందరూ అనుకున్నదేంటంటే, ఇంత ముఖ్యమైన జీన్ కదా, వంశంలో మ్యుటేషన్ లేని మామూలు రొమ్ము క్యాన్సర్లలో కూడా ఇది ట్యూమర్‌లో చెడిపోయి కనపడాలి అని. వెతికితే దాదాపు దొరకలేదు. తర్వాత 1997లో కొన్ని రొమ్ము ట్యూమర్లలో ఈ జీన్ ప్రమోటర్ మీద మిథైల్ గ్రూపులు అతుక్కుని ఉన్నాయని బయటపడింది. ప్రమోటర్ అంటే జీన్ చదవడం మొదలయ్యే చోటు. మామూలు కణాల్లో అక్కడ సైటోసిన్, గ్వానిన్ జంటలు గుంపుగా ఉండి శుభ్రంగా ఉంటాయి. ట్యూమర్‌లో ఆ సైటోసిన్ల మీద మిథైల్ పడితే, దాన్ని పట్టుకునే ప్రోటీన్లు వచ్చి కూర్చుంటాయి, అవి హిస్టోన్ల (డీఎన్‌ఏ చుట్టుకునే ప్రోటీన్లు) మీదున్న ఎసిటైల్ గ్రూపుల్ని పీకేసే ఎంజైముల్ని పిలుస్తాయి, క్రోమాటిన్, అంటే ఆ డీఎన్‌ఏ చుట్ట, బిగుసుకుపోతుంది, జీన్ చదివే యంత్రాంగానికి చోటుండదు. పైగా కణం రెండైనప్పుడు డీఎన్‌ఎంటీ1 అనే ఎంజైమ్ పాత పోగు మీద ఏముందో చూసి కొత్త పోగు మీద కూడా అదే పెట్టేస్తుంది, అంటే ఒకసారి పడిందంటే తరతరాలా ఆ కణాల సంతతికంతా వస్తుంది. ఒక్క అక్షరం మారలేదు, జీన్ మాత్రం లేనట్టే.

ఇదంతా ఇంటాయనకి ఎట్టా చెప్పాలా అని ఆలోచించి చివరికి పట్టాదారు పాస్‌బుక్కు దొరికింది నాకు. "మీ పాస్‌బుక్కులో సర్వే నంబరు కరెక్టు, పేరు కరెక్టు, ఒక్క తప్పు లేదు అనుకోండి. కానీ దాన్ని ఎవరో బీరువాలో పెట్టి తాళం వేసి తాళంచెవి కాలవలో పడేశారు. బ్యాంకుకి వెళ్తే లోను వస్తుందా?" అన్నా. "పుస్తకం చూపిస్తేగా ఇచ్చేది" అన్నాడు. అంతే. రక్తంలో చేసిన పరీక్ష పుస్తకంలో అక్షరాలు చూసింది, తాళం చూడలేదు. అసలు ఆ తాళం ఉండేది రక్తంలో కాదు, గడ్డలో.

2011లో టీసీజీఏ (అమెరికా క్యాన్సర్ జీనోమ్ ప్రాజెక్ట్) వాళ్లు 489 హై గ్రేడ్ సీరస్ ఓవరీ ట్యూమర్లు తీసుకుని చూస్తే, దాదాపు 11 శాతంలో బీఆర్‌సీఏ1 ఇలా మిథైలేషన్‌తో మూతపడి ఉంది. మ్యుటేషన్ ఉన్న ట్యూమర్లలో మిథైలేషన్ లేదు, ఇది ఉన్నవాటిలో అది లేదు, రెండూ ఒకే పని కాబట్టి ఏదో ఒకటి చాలు. నడ్సన్ 1971లో కంటి క్యాన్సర్ పిల్లల్ని చూసి చెప్పిన రెండు దెబ్బల లెక్క (జీన్ రెండు కాపీలూ పోతేనే గడ్డ) ఇక్కడా అదే, కాకపోతే ఒక దెబ్బ క్రోమోజోమ్ ముక్క పోవడం, రెండో దెబ్బ తాళం. రొమ్ములో అయితే ఇది ఎక్కువగా ట్రిపుల్ నెగటివ్‌లో (ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్, హెర్2 మూడూ లేని రకం) కనపడుతుంది. అదే టీసీజీఏ పేపర్లో ఇంకో సంగతి ఉంది, చాలామంది దాటేస్తారు: బీఆర్‌సీఏ మ్యుటేషన్ ఉన్నవాళ్లు ఎక్కువ కాలం బతికారు, మిథైలేషన్ ఉన్నవాళ్లు మాత్రం ఏమీ లేనివాళ్లతో సమానంగానే ఉన్నారు. జీన్ మూతపడటం ఒకటే అయితే ఈ తేడా ఎందుకు? నేను కూడా ఆ లైన్ చదివి పక్కన పెట్టేసినదాన్నే, ఈవిడ కేసుతో గానీ బుర్రకెక్కలేదు.

సరే, మే నెలలో ఆపరేషన్ బ్లాక్, అంటే తీసిన కణజాలాన్ని మైనంలో దాచిన ముక్క, ఒక ల్యాబ్‌కి పంపించాం, రెండు పరీక్షలకి. ఒకటి హెచ్‌ఆర్‌డీ స్కోర్ (డీఎన్‌ఏ రిపేర్ చేతకాక క్రోమోజోముల మీద పడ్డ దెబ్బల లెక్క), రెండోది బీఆర్‌సీఏ1 ప్రమోటర్ మిథైలేషన్. రెండు రిపోర్టులూ ఒకే కవర్లో వచ్చాయి. మొదటిదాంట్లో "ట్యూమర్ కణాలు చాలవు, పరీక్ష కుదరలేదు" అని ఉంది. రెండోదాంట్లో "మిథైలేషన్ కనపడలేదు" అని ఉంది. ఆ రోజు ఓపీ 60 దాటింది, నేను రెండో కాగితం చూసి "మిథైలేషన్ నెగటివ్" అని కేస్ షీట్‌లో రాసేశా. నా చేతిరాతే, ఇప్పటికీ ఉంది ఆ షీట్‌లో. రాత్రి ఇంటికెళ్లాక గుర్తొచ్చింది, ఒకే బ్లాక్‌లోంచి వచ్చిన కాగితాలు కదా, ట్యూమరే లేదని ఒకటి అంటుంటే మిథైలేషన్ లేదని ఇంకోటి చెప్తే దానికి విలువేంటి? రెస్పాన్స్ స్కోర్ 3 అని మేమే సంబరపడ్డాం, ఆ బ్లాక్‌లో ఉన్నదంతా మచ్చ, మంట కణాలు, కొవ్వు. వాటిలో బీఆర్‌సీఏ1 తెరిచే ఉంటుంది. ఖాళీ ఇంటికెళ్లి దొంగ లేడని రాసుకొచ్చినట్టు. పీజీలకి ఇది పదేపదే చెప్తుంటా: మిథైలేషన్ రిపోర్ట్ చూసేముందు ట్యూమర్ శాతం ఎంతో చూడండి, అది రిపోర్ట్‌లో రాయకపోతే ల్యాబ్‌కి ఫోన్ చేసి అడగండి.

ఇంకో కారణం కూడా ఉంది కీమో ముందు బ్లాకే కావాలనడానికి. కీమో వల్ల మిథైలేషన్ ఉన్న కణాలు చచ్చిపోయి, లేనివి మిగులుతాయి. మిగిలినవాటిని చూసి మొదట్లో ఎలా ఉందో చెప్పలేం.

కాబట్టి గుంటూరు బయాప్సీ కావాలి. ఆ ఆసుపత్రికి ఫోన్ చేస్తే బ్లాక్ డిశ్చార్జ్‌లోనే పేషెంట్‌వాళ్లకి ఇచ్చేశామన్నారు. ఇంటాయన్ని అడిగితే ఇవ్వలేదన్నాడు. మళ్లీ వాళ్లని అడిగితే సంతకం ఉందన్నారు. ఇట్టా వారం పోయింది. నాకు లోపల కంగారు, ఎందుకంటే జబ్బు తిరగబెట్టకుండా ఇచ్చే మెయింటెనెన్స్ మందు ఆఖరి కీమో అయ్యాక కొన్ని వారాల్లోపు మొదలుపెట్టాలి, పావోలా-1 అనే ట్రయల్‌లో 3 నుంచి 9 వారాలు. చివరికి కూతురు బ్లాక్ అంటే ఎలా ఉంటుందో ఫోటో అడిగింది. మా పాథాలజీ టెక్నీషియన్ ఒకటి అరచేతిలో పెట్టుకుని ఫోటో తీసి పంపాడు: చిన్న ప్లాస్టిక్ క్యాసెట్, వెనక జల్లెడ కన్నాలు, ముందు తెల్ల మైనం, మధ్యలో దారంలాంటి గోధుమ రంగు గీత. పది నిమిషాల్లో ఇంటాయన ఫోన్.

"ఆ కొవ్వొత్తి ముక్కా మేడం? అదైతే బీరువాలో ఉంది. పారేద్దామనుకుంటే మా ఆవిడ ఆసుపత్రి సామాను పారేయకూడదంది."

మర్నాడు పొద్దున్నే పల్లెవెలుగు ఎక్కి తెచ్చేశాడు. రేకుల గదిలో బీరువా, జనవరి నుంచి మే దాకా, పాస్‌బుక్కుల పక్కనే, చీరల మధ్య, కలరా ఉండల వాసన గుప్పుమంటోంది. మైనం ఒక అంచున కొంచెం మెత్తబడి వంగింది. పారాఫిన్ కరగాలంటే 56 డిగ్రీల పైన కావాలి కాబట్టి ముక్క మాత్రం క్షేమం. మా పాథాలజిస్ట్ దాన్ని ఐస్ మీద పెట్టి గట్టిపడ్డాక స్లైడ్ కోసి చూసి, "70 శాతం ట్యూమర్, బంగారం లాంటి బ్లాక్" అన్నాడు.

ఇక్కడ పరీక్ష ఎలా చేస్తారో కొంచెం చెప్పాలి, ఎందుకంటే చాలామంది రిపోర్ట్ చివరి లైన్ మాత్రమే చదువుతారు. డీఎన్‌ఏని బైసల్ఫైట్‌తో ఉడికిస్తారు. మిథైల్ లేని సైటోసిన్ యురాసిల్‌గా మారిపోతుంది, మిథైల్ ఉన్నది మారదు. తర్వాత పీసీఆర్‌లో ఆ తేడా అక్షరాల తేడాగా కనపడుతుంది. తెలివైన ఉపాయమే గానీ ఆ ఉడకబెట్టడంలో డీఎన్‌ఏ ముక్కలు ముక్కలవుతుంది, అసలే ఫార్మలిన్‌లో నానిన బ్లాక్ నుంచి వచ్చేది ముందే చితికి ఉంటుంది. అందుకే బ్లాక్ మంచిదవ్వాలి. ఇంకోటి, ఉందా లేదా అని చెప్పే పాత పద్ధతి చాలదు, ఎంత శాతం ఉందో అంకె కావాలి. 2018లో రుకాపరిబ్ (పార్ప్ అనే రిపేర్ ఎంజైమ్‌ని ఆపే మందు) వాడిన ఓవరీ ట్యూమర్ల మీద వచ్చిన పనిలో తేలిందేంటంటే, ట్యూమర్‌లోని బీఆర్‌సీఏ1 కాపీలన్నీ మిథైలేట్ అయి ఉంటేనే పార్ప్ మందు బాగా పనిచేసింది, ఒక్క కాపీ తెరిచి ఉన్నా ఆ గుణం పోయింది. ఇంటికి రెండు తలుపులుంటే ఒకటి మూసి లాభమేంటి.

బీరువా బ్లాక్ ఫలితం: హెచ్‌ఆర్‌డీ స్కోర్ 61, 42 లేదా ఆపైన ఉంటే పాజిటివ్. మిథైలేషన్ 64 శాతం. ట్యూమర్ 70 శాతమే కాబట్టి, మిగతా 30 శాతం మామూలు కణాల్లో తాళం ఉండదు కాబట్టి, మోటు లెక్కలో 64ని 70తో భాగిస్తే 91. అంటే ట్యూమర్ కణాల్లో దాదాపు అన్ని కాపీలూ మూతే. కేస్ షీట్‌లో నేను రాసిన "నెగటివ్" మీద అడ్డంగా గీత కొట్టి, కింద తేదీ వేసి సంతకం పెట్టా.

మందు నిర్ణయం ఆ తర్వాత తేలికే. సర్జరీ పుండు మానాక 5వ సైకిల్ నుంచి బెవాసిజుమాబ్ (గడ్డకి రక్తనాళాలు పెరగకుండా ఆపే మందు) కలుపుతూ వచ్చాం, దానికి పార్ప్ మందు ఓలాపరిబ్ జత చేశాం. 2019 పావోలా-1 ట్రయల్లో బీఆర్‌సీఏ మ్యుటేషన్ లేకపోయినా హెచ్‌ఆర్‌డీ పాజిటివ్ అయినవాళ్లలో ఈ జత 28.1 నెలలు వ్యాధిని ఆపింది, బెవాసిజుమాబ్ ఒక్కటే అయితే 16.6. హెచ్‌ఆర్‌డీ నెగటివ్ వాళ్లకి లాభం లేదు. సూత్రం మీకు తెలిసిందే: పార్ప్ ఒక రకం రిపేర్, బీఆర్‌సీఏ ఇంకో రకం. ఇప్పటికే ఒక కాలు విరిగినవాడి ఊతకర్ర లాక్కోవడమే. అక్కడ నేను రెండు విషయాలు విడిగా చెప్పా ఇంట్లోవాళ్లకి. మందు ఇవ్వడానికి ఆధారం హెచ్‌ఆర్‌డీ స్కోర్, మిథైలేషన్ కాదు. మిథైలేషన్ మనకి కారణం చెప్తుంది, అంతే. ఆ కారణం మ్యుటేషన్ లాగా రాతి మీద గీత కాదు, తాళం, తెరుచుకోవచ్చు, అని కూడా చెప్పాననే అనుకుంటున్నా, ఎంత గట్టిగా చెప్పానో మాత్రం గుర్తులేదు.

ఓలాపరిబ్ 300 మిల్లీగ్రాములు పూటకి, రెండు పూటలా. మూడో నెలకి హిమోగ్లోబిన్ 7.6, ఒక యూనిట్ రక్తం ఎక్కించి డోస్ 250కి తగ్గించాం. అన్నం సహించక పచ్చిపులుసు అన్నంతో బండి నడిపింది. ఆ తర్వాత మాత్రం మంచి కాలం, సీఏ-125 11, 9, 12. వినాయక చవితికి ఉండ్రాళ్లు డబ్బాలో తెచ్చి మా సిస్టర్లందరికీ పంచింది.

ఈ మధ్యలోనే ఒక రొమ్ము కేసు వచ్చింది, పోలిక కోసం చెప్తున్నా. విజయవాడ అమ్మాయే, 39 ఏళ్లు, శరీరమంతా పాకిన ట్రిపుల్ నెగటివ్. ఎవరో పెద్ద ప్యానెల్ చేయించి పంపారు, దాంట్లో ట్యూమర్‌లో బీఆర్‌సీఏ1 మిథైలేషన్ పాజిటివ్, జెర్మ్‌లైన్ నెగటివ్. "ఓవరీ కేసులో పనిచేసింది కదా మేడం, దీనికి కూడా కార్బోప్లాటిన్ పెడదామా" అని మా పీజీ ఉత్సాహం. 2018 టీఎన్‌టీ ట్రయల్ చూడు అన్నా. దాంట్లో పుట్టుకతో బీఆర్‌సీఏ మ్యుటేషన్ ఉన్నవాళ్లలో కార్బోప్లాటిన్‌కి 68 శాతం మంది స్పందించారు, డోసిటాక్సెల్‌కి 33. మిథైలేషన్ ఉన్నవాళ్లలో అలాంటి తేడా ఏమీ రాలేదు. అప్పటికే కీమో తిన్న ట్యూమర్లు, పాత బ్లాక్‌లో కనపడిన తాళం ఈపాటికి ఉందో లేదో ఎవరికి తెలుసు. ఆ అమ్మాయికి మిథైలేషన్ కాగితం చూసి మేం ఏమీ మార్చలేదు. రొమ్ములో ఆర్‌ఏఎస్‌ఎస్‌ఎఫ్1ఏ అనే ఇంకో ట్యూమర్ సప్రెసర్ (గడ్డ పుట్టకుండా ఆపే జీన్) అయితే ఎక్కువ ట్యూమర్లలో మిథైలేట్ అయ్యే ఉంటుంది, దానికి తగ్గ మందంటూ ఏదీ లేదు. ప్యానెల్‌లో పేరు కనపడినంత మాత్రాన మందు దొరికినట్టు కాదు.

మళ్లీ మన కేసుకి వద్దాం. ఓలాపరిబ్ మొదలైన 17వ నెలలో, డిసెంబర్‌లో, సీఏ-125 64. నెల ఆగి చూస్తే 190. సీటీలో పెరిటోనియం (పొట్ట లోపలి పొర) మీద చిన్న చిన్న గడ్డలు, కొద్దిగా నీరు. 800 మిల్లీలీటర్లు తీసి, ఆ నీటిలోని కణాలతో మైనం బ్లాక్ (సెల్ బ్లాక్) చేయించి ఈసారి అడక్కుండానే మిథైలేషన్‌కి పంపా. ట్యూమర్ 65 శాతం, మిథైలేషన్ 28. లెక్క వేస్తే 43 శాతం. అంటే సుమారు సగం కాపీలు తెరుచుకున్నాయి. పాథాలజిస్ట్‌ని బీఆర్‌సీఏ1 ప్రోటీన్ స్టెయిన్ చేయమంటే దాని మీద నమ్మకం పెట్టుకోవద్దన్నాడు, వదిలేశా. హెచ్‌ఆర్‌డీ మళ్లీ చేయించలేదు. చేయించినా 60 చుట్టుపక్కలే వస్తుంది, ఎందుకంటే అది కొలిచేది రిపేర్ లేని రోజుల్లో క్రోమోజోముల మీద పడ్డ దెబ్బల గుర్తుల్ని. పుండు మానినా మచ్చ పోదు. మచ్చ చూసి ఇప్పుడు పుండుందని మందు రాస్తే ఎట్టా?

ఓపీలో చెప్పా. తాళం తెరుచుకుందండి అన్నా. ఇంటాయన నా వంక చూసి, "అది మంచిదేగా మేడం? మంచి జీన్ అన్నారుగా, తెరుచుకుంటే గడ్డని ఆపుతుందిగా?" అన్నాడు.

నాకు ఒక నిమిషం మాట రాలేదు. ఆయన అడిగింది నూటికి నూరు పాళ్లు సరైన ప్రశ్న. ట్యూమర్ సప్రెసర్ మూతపడటం వల్లే ఈ గడ్డ పుట్టింది, తెరుచుకుంటే సంతోషించాలి. కానీ పుట్టడానికి పనికొచ్చింది వేరు, ఇప్పుడు బతకడానికి పనికొచ్చేది వేరు. ఆ గడ్డలో అప్పటికి పీ53 పోయింది, క్రోమోజోములు అల్లకల్లోలం అయ్యాయి, బీఆర్‌సీఏ1 ఒక్కటి తిరిగొచ్చినంత మాత్రాన మళ్లీ మంచి కణం అయిపోదు. అది చేసే పనల్లా మా మందు చేసిన గాయాల్ని కుట్టుకోవడమే. "మీ పొలంలో కలుపు మొక్కకి మందు కొడుతుంటే, ఆ కలుపే దానికి విరుగుడు నేర్చుకుంది" అన్నా. "ఆ, గడ్డి మందుకి చావని గడ్డి ఉంటుంది మాకూ" అన్నాడు. కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు. కణాలేవీ కూర్చుని తాళం తీసుకోలేదు, అదీ నిజమే. ఎక్కడో కొన్నిట్లో డీఎన్‌ఎంటీ1 కాపీ సరిగా వేయక తాళం జారిపోయి ఉంటుంది, మందు ఉన్నచోట అవే బతికాయి, అవే పెరిగాయి. 2015లో మందుకి లొంగని ఓవరీ ట్యూమర్ల జీనోములు మొత్తం చదివినవాళ్లకి కూడా ఒక పేషెంట్‌లో ఇదే దొరికింది, మొదట మిథైలేషన్ ఉంది, తిరగబెట్టాక లేదు. టీసీజీఏ పేపర్లో నేను దాటేసిన లైన్ అప్పుడు అర్థమైంది.

కూతురు అప్పటికే ఫోన్‌లో చదివేసింది. "మిథైలేషన్ తీసేసే మందులున్నాయంట కదా మేడం" అంది. ఉన్నాయి, అజాసైటిడిన్‌కి 2004లో, డెసిటాబిన్‌కి 2006లో అమెరికాలో అనుమతి వచ్చింది, ఎముక మజ్జ జబ్బు ఎండీఎస్‌కి. ఓవరీలో కూడా ప్రయత్నించారు, ప్లాటినమ్ మందులకి, అంటే కార్బోప్లాటిన్ లాంటివాటికి, లొంగనివాళ్లకి ముందు చిన్న డోస్ డెసిటాబిన్ ఇచ్చి తర్వాత కార్బోప్లాటిన్ ఇచ్చిన ఒక చిన్న ట్రయల్లో, 17 మందే, 35 శాతం స్పందన వచ్చింది. బ్రిటన్‌లో చేసిన ఇంకో ట్రయల్లో మాత్రం లాభం కనపడక మధ్యలోనే ఆపేశారు. అదలా ఉంచినా, మీ అమ్మ విషయంలో మనకి కావాల్సింది తాళం తీసే మందు కాదమ్మా, తాళం వేసే మందు, అది ఇంకా ఎవరి దగ్గరా లేదు అన్నా. ఈ మందులు ఒక్క జీన్‌ని ఎంచుకుని తెరవవు, ఇల్లంతా తెరిచేస్తాయి, మిగిలిన ఆ సగం తాళాలు కూడా పోతే మనకే నష్టం.

తర్వాత అసలు తను అడగాలనుకున్నది అడిగింది. నాకు వస్తుందా?

నేను మొదటిసారే చేసుండాల్సిన పని ఇప్పుడు చేశా. మిథైలేషన్ మామూలుగా పిల్లలకి రాదు, గడ్డలో పుట్టి గడ్డలోనే ఉంటుంది. కానీ అరుదుగా మినహాయింపులున్నాయి. 2018లో రెండు కుటుంబాల్లో బీఆర్‌సీఏ1 ముందు భాగంలో, మామూలు ప్యానెళ్లు సాధారణంగా చదవని చోట, మైనస్ 107వ స్థానంలో ఒక అక్షరం మార్పు వల్ల ఆ కాపీ పుట్టుకతోనే మిథైలేట్ అయి వంశంలో దిగుతోందని చూపించారు. 2022లో ఇంకో పెద్ద అధ్యయనంలో, క్యాన్సర్ రాకముందే తీసిన రక్తంలో తెల్లకణాల్లో కొద్ది శాతంలో బీఆర్‌సీఏ1 మిథైలేషన్ ఉన్న ఆడవాళ్లకి ట్రిపుల్ నెగటివ్ రొమ్ము క్యాన్సర్, హై గ్రేడ్ సీరస్ ఓవరీ క్యాన్సర్ రెండూ దాదాపు రెట్టింపు వచ్చాయి. 41కే పోయిన పెద్దమ్మ ఉంది కాబట్టి తల్లి రక్తంలో ఆ మైనస్ 107 విడిగా చదివించా. లేదు. రక్తంలో మిథైలేషన్ కూడా ఆ పద్ధతికి దొరికేంత లేదు. పెద్దమ్మ బ్లాక్ కోసం అడిగితే ఎప్పుడో 20 ఏళ్ల నాటి మాట, ఎవరి బీరువాలోనూ లేదు.

కూతురు తనకి కూడా రక్త పరీక్ష చేయించమని పట్టుబట్టింది, నేను వద్దన్నా. ఫలితం ఏదొచ్చినా దాన్ని బట్టి ఓవరీలు తీయాలా వద్దా అని చెప్పే స్థితిలో ఇవాళ ఎవరూ లేరు, అనవసరంగా ఒక అంకె నెత్తిన పెట్టుకుని తిరగడమే. కుటుంబ చరిత్ర లెక్కన రొమ్ము పరీక్షలు తొందరగా మొదలుపెట్టే ప్లాన్ రాసిచ్చా. తను ఒప్పుకోలేదు, అలిగి వెళ్లింది, నెలకి మళ్లీ వచ్చి ప్లాన్ కాగితం ఇంకో కాపీ అడిగింది. మొదటిది చింపేసిందంట.

తల్లికి ఓలాపరిబ్ ఆపేసి కార్బోప్లాటిన్, లైపోసోమల్ డాక్సోరూబిసిన్ మొదలుపెట్టాం. ఆఖరి ప్లాటినమ్ అయ్యి ఏడాదిన్నర పైనే కాబట్టి పుస్తకం ప్రకారం ప్లాటినమ్ సెన్సిటివ్. కానీ పార్ప్ మందు మీద ఉండగా తిరగబెట్టినవాళ్లలో తర్వాతి ప్లాటినమ్ అంత బాగా పనిచేయదని సోలో-2 అనే ఓలాపరిబ్ ట్రయల్ పేషెంట్లని వెనక్కి తిరిగి చూసినప్పుడు తేలింది, అదే దారి కదా రెండిటిదీ. ఇక్కడా అట్టాగే ఉంది. మొదటిసారి మూడు సైకిల్స్‌లో 2,140 నుంచి 38, ఈసారి నాలుగు సైకిల్స్‌కి 190 నుంచి 71. సీటీలో గడ్డలు చిన్నవయ్యాయి, పోలేదు. మనిషి నడుస్తోంది, తింటోంది, పొట్టలో నీరు మళ్లీ రాలేదు.

పోయిన వారం 5వ సైకిల్‌కి వచ్చినప్పుడు ఇంటాయన ఆగి, "మేడం, ఆ మైనం ముక్క మీ దగ్గరే ఉందిగా, ఇచ్చేస్తారా" అన్నాడు. మా దగ్గర ఏసీ గదిలో భద్రంగా ఉంటుందండి అంటే, "బీరువాలో ఉంటే నాకు ధైర్యంగా ఉంటుంది" అన్నాడు. పాథాలజీలో ముందు పది స్లైడ్లు కోయించి పక్కన పెట్టించి, రిజిస్టర్‌లో సంతకం తీసుకుని, క్యాసెట్ జిప్ కవర్లో వేసి ఇచ్చా. చొక్కా జేబులో పెట్టుకోబోతుంటే మే నెల ఎండండీ, జేబులో వద్దు, బస్సు కిటికీ పక్కన అసలే వద్దు అన్నా. మా సిస్టర్ ఇన్సులిన్ పెట్టే చిన్న ఐస్ డబ్బా ఇచ్చింది. డబ్బా తిరిగి తెచ్చేస్తానని 6వ సైకిల్ తేదీ అడిగి వెళ్లాడు, 28 రోజులకి ఇచ్చాం.